నాన్న క్యాసెట్లున్న డిస్కు చెడిపోతోంది: ప్రాజెక్టు డైరీ

మే 4, ఆదివారం రాత్రి

అన్నాలయ్యాక నాన్న వరండాలో కూర్చుని ట్యాబ్‌లో 61వ క్యాసెట్ వింటున్నారు. జముకుల కథ, అంటే జముకు వాయిస్తూ పాడే జానపద కథ. ఎల్లమ్మ కథలో మంచి పట్టులో ఉండగా పాట ఆగిపోయింది. "ఏటమ్మా, జముకు ఆగిపోయిందేటి?" అని పిలిచారు. నేను వెళ్ళేలోపు అదే మళ్ళీ మొదలైంది. వైఫై అనుకున్నాను. పావుగంటకు మళ్ళీ ఆగింది. ఈసారి నేను లోపలి గదిలో, ఇంటి ఫైళ్ళన్నీ ఉండే స్టోరేజ్ పెట్టె పక్కనే ఉన్నాను. పాట ఆగడానికి ముందు పెట్టెలోంచి కిర్రుమని, ఆ వెంటనే టక్కుమని చప్పుడు వచ్చింది. వైఫై అయితే ఇలా చప్పుడు చేయదు.

ఇది కొట్లో రెడీమేడ్‌గా కొన్న పెట్టె కాదు. పాత డెస్క్‌టాప్ క్యాబినెట్. అందులో దాన్ని నడిపే ఆపరేటింగ్ సిస్టమ్ డెబియన్ లినక్స్ కోసం చిన్న ఎస్‌ఎస్‌డీ, డేటా కోసం 4 టీబీ హార్డ్ డిస్కులు రెండు. ఆ రెండూ మిర్రర్, అంటే రైడ్ 1. ఒకదానిలో ఏముందో రెండోదానిలోనూ అదే ఉంటుంది. 2019లో ఒకే కొట్లో, ఒకే రోజు, ఒకే రకంవి కొన్నాం. అప్పట్లో అది జాగ్రత్త అనుకున్నాం.

లోపల ఉన్నదేమిటో కూడా రాసుకోవాలి, ఎందుకంటే ఈ డైరీ అంతా దాని గురించే. నాన్న తెలుగు పండితులుగా గజపతినగరం, బొబ్బిలి, సాలూరు వైపు జిల్లా పరిషత్ హైస్కూళ్ళలో పనిచేశారు. 1984 నుంచి 1997 దాకా ఏ ఊరికి బదిలీ అయితే ఆ ఊళ్ళో జముకుల కథలు, తప్పెటగుళ్ళు, తూర్పు భాగవతాలు టూ ఇన్ వన్‌లో రికార్డు చేసుకున్నారు. మొత్తం 180 క్యాసెట్లు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు వెనక గది రేకులు ఎగిరిపోయి అందులో 11 తడిసిపోయాయి. ఆ భయంతోనే 2016లో తమ్ముడూ నేనూ కూర్చుని అన్నీ కంప్యూటర్లోకి ఎక్కించాం. 61వది తడిసినవాటిలో ఒకటి. ఒక్కసారి ప్లే అయింది, రెండోసారి టేపు తెగింది. ఇప్పుడు ఆ కథ ఉన్నది ఫైలుగా మాత్రమే. పాడినావిడ పోయి చాలా ఏళ్ళయింది.

రాత్రి పదకొండుకు లాగ్, అంటే పెట్టె తనంతట తాను రాసుకునే చిట్టా, చూశాను. రెండో డిస్కు మీద చదవలేకపోయానన్న లైన్లు వరసగా ఉన్నాయి. డిస్కు తన ఆరోగ్యం గురించి తానే ఇచ్చే స్మార్ట్ రిపోర్టు తీశాను. పైన పెద్దగా 'పాస్డ్' అని ఉంది. ఆ మాట నమ్మకూడదు. డిస్కు కంపెనీ పెట్టిన హద్దు ఏదైనా దాటితేనే అది ఫెయిల్ అంటుంది, అప్పటికి ఆలస్యమైపోతుంది. కింద అంకెలు చూడాలి. ఐదో నంబరు, అంటే చెడిపోయి మార్చేసిన సెక్టార్లు (డిస్కు మీద డేటా ఉండే చిన్న ముక్కలు), 88. నూట తొంభై ఏడు, అంటే చదవలేక పెండింగులో పెట్టినవి, 24. నూట తొంభై తొమ్మిది, అంటే కేబుల్‌లో డేటా తేడా వచ్చిన సార్లు, 312. వేడి 51 డిగ్రీలు. నడిచిన గంటలు 36 వేలు దాటాయి.

మొదటి డిస్కులో ఐదు, నూట తొంభై ఏడు రెండూ సున్నా. ఊపిరి పీల్చుకున్నాను.

మే 5, సోమవారం

రాత్రి పెట్టె ఆపలేదు. మామూలుగా కరెంటు ఖర్చు తగ్గుతుందని రోజూ పదకొండుకు ఆపి పొద్దున్న ఆరుకు ఆన్ చేస్తాం. కానీ ఇన్నేళ్ళు నడిచి జబ్బుపడిన డిస్కు ఒకసారి ఆగితే మళ్ళీ తిరగడం మొదలుపెడుతుందన్న నమ్మకం లేదు. ఫోటోలకు థంబ్‌నెయిల్స్ చేసే ప్రోగ్రామ్, ఇంకా వెనకాల నడిచే ప్రతిదీ ఆపేశాను. అనవసరంగా ఒక్క సెక్టారు కూడా చదివించకూడదు.

పొద్దున్నే చేసిన మొదటి పని టైమౌట్, అంటే డిస్కు జవాబు కోసం లినక్స్ ఆగే గడువు, మార్చడం. మావి మామూలు డెస్క్‌టాప్ డిస్కులు. చదవలేని చోటు వస్తే ఒక్కోసారి నిమిషం పైగా అక్కడే ప్రయత్నిస్తూ కూర్చుంటాయి. ఇలాంటి స్టోరేజ్ పెట్టెల కోసం చేసిన డిస్కులకు ఏడు సెకన్లలో చేతులెత్తేసి తప్పు చెప్పమని పెట్టుకోవచ్చు, మావాటికి ఆ సదుపాయం లేదు. లినక్స్ మాత్రం 30 సెకన్లే ఆగుతుంది. ఆ తర్వాత డిస్కు పలకడం లేదనుకుని లింకు రీసెట్ చేస్తుంది. అది ముదిరితే రైడ్ ఆ డిస్కునే బయటికి నెట్టేస్తుంది. రెండు డిస్కులకూ టైమౌట్ 180 సెకన్లు చేశాను. చదవడం నెమ్మదిస్తుంది, అయితే డిస్కు మాత్రం జట్టులో ఉంటుంది. ఇది చేయడం ఎంత మంచిదైందో మూడు రోజుల తర్వాత తెలిసింది.

తర్వాత కాపీ. ఇంట్లో ఉన్నది 1 టీబీ ఎక్స్‌టర్నల్ డిస్కు ఒక్కటే. పెట్టెలో మొత్తం 1.7 టీబీ ఉంది. ముందు నాన్న క్యాసెట్లు, సుమారు 230 జీబీ. ఆ తర్వాత ఇంటి ఫోటోలు, 480 జీబీ. తమ్ముడి పెళ్ళి వీడియోలు వాడి దగ్గరా ఉన్నాయి కాబట్టి వదిలేశాను. మామూలుగా అయితే క్యాసెట్లు ముప్పావుగంటలోపు కాపీ అయిపోవాలి. మూడు గంటలు పట్టింది. మధ్యలో రెండున్నర ప్రాంతంలో కరెంటు పోయింది. యూపీఎస్ కీచుమంటుంటే గోడ గడియారం చూస్తూ పెట్టె ముందే నిలబడ్డాను. పదకొండు నిమిషాలకు వచ్చింది.

2016లో ఎక్కించినప్పుడు ప్రతి ఫైలుకూ తమ్ముడు ఎండీ5 లెక్క (ఫైలు కాస్త మారినా మారిపోయే వేలిముద్ర లాంటిది) తీసి ఒక జాబితాగా దాచాడు. అప్పుడు ఆ పని నాకు చాదస్తంగా కనబడింది. ఈ రాత్రి ఆ జాబితాతో కాపీని సరిచూస్తే 180 క్యాసెట్లకూ, రెండు వైపులవీ, అన్నీ సరిపోయాయి. వాడికి ఫోన్ చేసి చెప్పాను. "61 కూడానా అక్కా?" అని అడిగాడు. 61 కూడా.

మే 6, మంగళవారం

ఇప్పుడు పెట్టె ఆపగలిగే ధైర్యం వచ్చింది. 199వ నంబరు 312 నుంచి 340కి పెరిగింది. ఇది డిస్కు లోపల డేటా ఉండే పళ్ళెం జబ్బు కాదు, కేబుల్‌ది. గంటస్తంభం దగ్గర కొట్లో, డిస్కును కంప్యూటర్‌కి కలిపే సాటా కేబుళ్ళు రెండు తెచ్చాను. మూత విప్పితే పాత కేబుల్ ఫ్యాన్‌కి ఒరుసుకుని మడత పడి ఉంది, కనెక్టర్ వదులుగా ఊగుతోంది. లోపల దుమ్ము పేరుకుపోయి ఉంది. ముందు ఫ్యాన్ జాలీ పూర్తిగా మూసుకుపోయింది, వేడి 51 ఉండటానికి కారణం అదే. తుడిచి, కేబుల్ మార్చి, డిస్కు దిక్కుగా టేబుల్ ఫ్యాన్ పెట్టాను. స్విచ్ వేసినప్పుడు రెండో డిస్కు తిరగడం మొదలయ్యేదాకా నాన్న కూడా పక్కనే నిలబడ్డారు. తిరిగింది.

సాయంత్రానికి 199 అక్కడే 340 దగ్గర ఆగింది. ఈ నంబరు ఎప్పుడూ తగ్గదు, పెరగకుండా ఉంటే చాలు. కానీ 197 మాత్రం 24 నుంచి 40 అయింది, ఐదో నంబరు 112 అయింది. మా డిస్కులో ఇది ఎనిమిదేసి చొప్పున పెరుగుతోంది, ఎందుకంటే లోపలి అసలు సెక్టారు 4096 బైట్లది, బయటికి దాన్ని 512 బైట్ల ముక్కలు ఎనిమిదిగా చూపిస్తుంది. అంటే జబ్బులు రెండు. కేబుల్ ఒకటి, పళ్ళెం ఒకటి. ఒకటి తగ్గింది.

కేబుళ్ళు కొన్న కొట్లో కుర్రాడికి విషయం చెబితే, "మిర్రరే కదక్కా, ఆ డిస్కు పీకేసి కొత్తది పెట్టెయ్యండి, రాత్రికి అదే కాపీ అయిపోద్ది" అన్నాడు. నేనూ అదే అనుకుంటున్నాను. మొదటి డిస్కు బాగానే ఉంది కదా.

మే 8, గురువారం

ఈ రోజు నేర్చుకున్నది నాకు చాలాకాలం గుర్తుంటుంది.

నిన్న రాత్రి రెండు డిస్కులకూ పొడవాటి స్మార్ట్ టెస్టు పెట్టాను. డిస్కు తనంతట తాను మొదటి నుంచి చివరిదాకా చదువుకునే టెస్టు అది. రెండోది కాసేపట్లోనే చదవలేనని ఆగిపోయింది, అది ఊహించిందే. మొదటిదానికి ఊరికే పెట్టాను, పనిలో పనిగా. పొద్దున్న లేచి చూస్తే అది కూడా ఆగిపోయి ఉంది. ఇంకా 30 శాతం మిగిలి ఉండగా, చదవలేకపోయాను అని. నిన్నటిదాకా సున్నా ఉన్న 197వ నంబరు ఇప్పుడు 8.

బాగున్న డిస్కు బాగాలేదు.

సున్నా ఎందుకు చూపించిందంటే, పెండింగు అంటే డిస్కు చదవబోయి చదవలేకపోయిన చోట్లే. ఎవరూ చదవమని అడగని చోటు చెడిపోయినా దానికి తెలియదు. క్యాసెట్లలో ఎక్కువ భాగం 2016 తర్వాత ఎవరూ తెరవలేదు. నాన్నకు ఇష్టమైన పది పదిహేనే మళ్ళీ మళ్ళీ వింటారు. మిగతా చోట్లు అలా చీకట్లోనే ఉండిపోయాయి.

ఆ చోట ఏ ఫైలుందో వెతికాను. టెస్టు ఇచ్చిన సెక్టారు నంబరులోంచి పార్టిషన్ మొదలయ్యే చోటు తీసేసి, రైడ్ తన కోసం ఉంచుకున్న చోటు తీసేసి, ఎనిమిదితో భాగిస్తే ఫైల్ సిస్టమ్ బ్లాకు వస్తుంది. దాన్ని డీబగ్ఎఫ్ఎస్ అనే ప్రోగ్రామ్‌లో అడిగితే ఫైలు పేరు చెబుతుంది. 118వ క్యాసెట్, రెండో వైపు. సాలూరు దగ్గర ఒక ఊళ్ళో గంగమ్మ పండగకు వేసిన తప్పెటగుళ్ళు. గుండెల మీద రేకు తప్పెట్లు కట్టుకుని, కాళ్ళకు గజ్జెలు కట్టుకుని, ఇరవై మంది ఒక్కసారే అడుగు వేసే చప్పుడు అందులో ఉంది.

కాసేపు అలాగే కూర్చుండిపోయాను. ఎందుకంటే ఆ ఫైలు సోమవారం నేను కాపీ చేశాను, ఎండీ5 సరిపోయింది. మొదటి డిస్కులో ఆ చోటు చదవడం కుదరదు. కుదరక రైడ్ రెండోదాని నుంచి తెచ్చి ఉంటే, ఆ చోట మళ్ళీ రాసి బాగుచేసి ఉండేది, ఈ రోజు టెస్టు అక్కడ ఆగేది కాదు. అంటే సోమవారం ఆ ముక్క చదివి ఇచ్చింది రెండో డిస్కే. పీకేద్దామనుకున్న, జబ్బు డిస్కు.

కుర్రాడు చెప్పినట్టు ఆ సోమవారానికి ముందే దాన్ని పీకి కొత్తది పెట్టి ఉంటే, మొదటి డిస్కు ఆ చోటికి వచ్చి చదవలేకపోయేది. అప్పుడు అడగడానికి రెండోది ఉండేది కాదు. టైమౌట్ మార్చకుండా ఉంటే లినక్సే దాన్ని నాకు చెప్పకుండా నెట్టేసి ఉండేది. కుర్రాడి తప్పు లేదు. అందరూ చెప్పేది అదే, నాకూ తెలిసింది అదే. రెండు డిస్కుల్లోనూ అక్కడక్కడ చిల్లులున్నాయి, కానీ వేరే వేరే చోట్ల. రెండూ కలిపితేనే ఒక పూర్తి కాపీ.

అందుకని ప్లాన్ మార్చాను. ఏదీ పీకేది లేదు. కొత్త డిస్కుల్ని పాతవాటి పక్కనే చేర్చాలి.

మే 10, శనివారం

డిస్కులు కొరియర్‌లో తెప్పించే ధైర్యం లేక ఆర్టీసీ కాంప్లెక్సులో బస్సెక్కి విశాఖ వెళ్ళాను. రెండు వేర్వేరు కొట్లలో, వేర్వేరు కంపెనీలవి, రెండు 4 టీబీ డిస్కులు తీసుకున్నాను. 2019లో ఒకే రకంవి కొన్నందుకే రెండూ ఒకే ఈడుకి వచ్చి, ఒకే వేసవిలో మొరాయించాయని నా అనుమానం. ఎస్‌ఎంఆర్ రకం వద్దని అడిగి మరీ తీసుకున్నాను. వాటిలో ట్రాకులు పెంకుల్లా ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉంటాయి, ఏకధాటిగా గంటల తరబడి రాయాల్సి వస్తే బాగా నెమ్మదిస్తాయి. సీఎంఆర్ రకమైతే ఆ బాధ లేదు. వీటికి ఏడు సెకన్ల సదుపాయం కూడా ఉంది. తిరుగు బస్సులో తగరపువలస దాకా నిలబడే వచ్చాను, సంచి మాత్రం గుండెకు ఆనించి పట్టుకున్నాను.

ఇంటికొచ్చి ఒక్కోదాన్నీ విడిగా పెట్టి చూశాను. నడిచిన గంటలు సున్నా. పొడవాటి టెస్టు పెట్టి పడుకున్నాను. కొత్తది అన్నంత మాత్రాన నమ్మే ఓపిక ఇప్పుడు లేదు.

క్యాబినెట్‌లో పవర్ కనెక్టర్లు చాలలేదు. పాత నాలుగు పిన్నుల ప్లగ్గు నుంచి సాటాకి మార్చే వైరు కావాలి. అందులో ప్లాస్టిక్‌లో పోతపోసినవి లోపల వైర్లు ఆనుకుని కాలిపోయే ప్రమాదం ఉంది. వైర్లు విడివిడిగా నొక్కి బిగించిన రకం చూసి తెచ్చాను.

మే 11, ఆదివారం

రెండు కొత్త డిస్కులూ టెస్టు పాసయ్యాయి. మధ్యాహ్నం రెండుకు పని మొదలు.

లినక్స్‌లో రైడ్‌ను నడిపే ఎండీఆడ్మ్ అనే ప్రోగ్రామ్‌లో మిర్రర్‌ను రెండు నుంచి మూడు డిస్కులకు పెంచి కొత్తదాన్ని చేర్చాను. ఇప్పుడు అది పాతవాటిలో ఒకదాని నుంచి చదువుతూ కొత్తదాని మీద రాస్తుంది. ఎక్కడైనా చదవలేకపోతే రెండో పాతదాన్ని అడుగుతుంది. ఈ రాత్రికి నాకు కావాల్సింది అదొక్కటే.

లెక్క ప్రకారం సెకనుకు 120 ఎంబీ చొప్పున 4 టీబీకి తొమ్మిది గంటలు దాటాలి. మొదటి ఐదు గంటలూ అలాగే నడిచింది. రాత్రి ఏడు దాటాక వేగం 120 నుంచి 2కి పడిపోయింది. కిర్రు, టక్కు. లాగ్‌లో ఒక లైను: చదవడంలో తప్పు, సరిచేశాను. మళ్ళీ 120. అరగంటకు ఇంకోసారి. అమ్మ అన్నం ఇక్కడికే తెచ్చిపెట్టింది. నాన్న పడుకోకుండా కుర్చీలోనే ఉన్నారు. డిస్కు టక్కుమన్న ప్రతిసారీ నా మొహంలోకి చూసేవారు, "పర్లేదు నాన్నా, సరిచేసింది" అనేదాన్ని. పదకొండు దాటాక ఆయన్ని బలవంతంగా లోపలికి పంపాను.

పెట్టె కాపలా కాస్తున్నప్పుడు ఇంకో సంగతి బయటపడింది. డెబియన్‌లో రైడ్‌ను మొత్తం చదివి సరిచూసే పని దానంతట అదే జరిగేలా ముందే పెట్టి ఉంటుంది. అలాంటప్పుడు ఆరేళ్ళలో ఈ చిల్లులు ఎందుకు దొరకలేదు? టైమింగు చూశాను. నెలలో మొదటి ఆదివారం, రాత్రి 12.57. మా పెట్టె రోజూ పదకొండుకు ఆగిపోతుంది. ఆరేళ్ళలో ఆ చెక్ ఒక్కసారి కూడా నడిచి ఉండదు. కరెంటు బిల్లు కోసం మేం పెట్టుకున్న అలవాటే దాన్ని ఆపేసింది. ఎవరికీ ఆ రెండూ కలిపి చూడాలని తోచలేదు.

మే 12, సోమవారం

తెల్లవారుజామున 4.40కి పూర్తయింది. పద్నాలుగు గంటల నలభై నిమిషాలు. సరిచేసిన చోట్లు తొమ్మిది. రెండు డిస్కుల్లోనూ చదవలేకపోయిన చోటు ఒక్కటీ లేదు. కొత్త డిస్కు చెడ్డ బ్లాకుల జాబితా ఖాళీ.

వెంటనే నాలుగో డిస్కుగా రెండో కొత్తదాన్ని చేర్చాను. ఇప్పుడు బాగున్న మూలం ఒకటి ఉంది కాబట్టి టెన్షన్ లేదు, నిద్రపోయాను. సాయంత్రం అది కూడా అయ్యాక ఎండీ5 జాబితాతో క్యాసెట్లన్నీ మరోసారి సరిచూశాను. అన్నీ సరే. అప్పుడు పాత డిస్కులు రెండింటినీ మిర్రర్‌లోంచి తీసేసి, మళ్ళీ రెండు డిస్కుల మిర్రర్‌గా తగ్గించాను. కొత్తవాటికి ఏడు సెకన్ల గడువు పెట్టి, పెట్టె ఆన్ అయిన ప్రతిసారీ అది మళ్ళీ అమలయ్యేలా చేశాను, లేకపోతే కరెంటు పోయి వచ్చినప్పుడల్లా మర్చిపోతుంది. చదవలేని చోట్లను లెక్కపెట్టే 197, 198 నంబర్లు కదిలితే ఫోన్‌కి మెయిల్ వచ్చేలా కూడా పెట్టాను.

పాత రెండింటికీ కాగితం అంటించి అలమరలో పెట్టాను. రెండోదాని మీద "పారేయొద్దు" అని నాన్న తన చేత్తో రాశారు.

మే 18, ఆదివారం

బొబ్బిలిలో అక్కావాళ్ళింటికి వెళ్ళి ఎక్స్‌టర్నల్ డిస్కు అక్కడ పెట్టి వచ్చాం. ఇంట్లో మిర్రర్ ఉన్నా అది బ్యాకప్ కాదు. పొరపాటున ఫైలు తుడిచేస్తే రెండిటిలోనూ అదే క్షణంలో పోతుంది, హుద్‌హుద్ లాంటిది వస్తే రెండూ ఒకే గదిలో తడుస్తాయి. మూడు నెలలకోసారి దాన్ని తెచ్చి కొత్తవి ఎక్కించి మళ్ళీ ఇవ్వాలని బావతో చెప్పాను. బీరువాలో పట్టుచీరల కింద పెట్టింది అక్క.

జూన్ 1, ఆదివారం

చెక్ టైము పొద్దున్న పదికి మార్చాను, ఈ నెల నుంచి. సరిగ్గా పదికి డిస్కులు రెండూ గురగురమంటూ మొదలుపెట్టాయి. వేడి 41. సాయంత్రం ఆరున్నరకు అయిపోయింది. తేడాలు: సున్నా. పెండింగు రెండిటిలోనూ సున్నా, ఈసారి మొత్తం చదివిన తర్వాత వచ్చిన సున్నా.

నాన్నకి 118వ క్యాసెట్ పెట్టాను. ఆ ఫైలు దొరికిన రోజు నుంచి అడుగుతున్నారు, పని పూర్తయ్యేదాకా నేనే ఆగమన్నాను. రెండో వైపు మధ్యలో గజ్జెలు ఒక్కసారిగా జోరందుకునే చోటు వచ్చింది. అక్కడ పాట ఆగలేదు. నాన్న కళ్ళు మూసుకుని వింటూ, ముందు వరసలో తప్పెట కొట్టినాయన పేరు గుర్తుకొచ్చిందని పాత నోటు పుస్తకం తెమ్మన్నారు. తెచ్చి ఇచ్చాను. 118 ఎదురుగా ఇన్నాళ్ళూ ఖాళీగా ఉన్న చోట ఆ పేరు రాశారు.